బరువు దించుకునే హక్కు

కర్నూలు, కడప జిల్లాల్లో ఏ పల్లెలో ఆడవాళ్ల సమావేశం పెట్టినా, ఆరోగ్యం మాట ఎత్తగానే ముందుగా వినిపించేది నడుము నొప్పి. కాన్పుల గురించి, తెల్లబట్ట గురించి, ఇంట్లో దెబ్బల గురించి నోరు విప్పించడానికి చాలా ఓపిక కావాలి. నడుము నొప్పి గురించి ఎవరినీ అడగనవసరం లేదు. ముప్పై ఏళ్లామె చెబుతుంది, అరవై ఏళ్లామె చెబుతుంది. చెప్పిన వెంటనే "అది ఎప్పుడూ ఉండేదే లేక్కా" అని తామే పక్కకు నెట్టేస్తారు. ఆ తర్వాత చర్చ వేరే విషయాలకు వెళ్లిపోతుంది.

అందరికీ ఉన్న నొప్పి కాబట్టి అది ఎవరికీ సమస్యగా కనిపించదు. కూలి రేట్ల మీద, పట్టాల మీద, సారా మీద, హింస మీద స్త్రీల సంఘాలు ఎన్నో పోరాటాలు చేశాయి. మన కోర్కెల పత్రాల్లో ఆడవాళ్లు మోసే బరువు గురించి ఒక్క వాక్యం కనిపించడం అరుదు. నడుము నొప్పిని వయసుకు, కాన్పులకు, ఒంట్లో వేడికి, కర్మకు కట్టబెట్టడం అలవాటైపోయింది. ఈ నొప్పికి చాలావరకు లెక్క కట్టగలిగిన కారణాలు ఉన్నాయి. ఎంత బరువు, ఎంత ఎత్తు నుంచి, ఎంత దూరం, ఎన్నిసార్లు, మధ్యలో ఎంత విశ్రాంతి అన్నవే ఆ కారణాలు. వీటిలో ఏదీ ప్రకృతి నిర్ణయించింది కాదు. ఒకరు నిర్ణయిస్తున్నారు, మరొకరు మోస్తున్నారు. అందుకే దీన్ని హక్కుల ప్రశ్నగా చర్చించాలని నా అభిప్రాయం.

ఎంత మోస్తున్నారు?

ముందు నీళ్లు. లీటరు నీళ్లు కిలో బరువు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్, పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు కావాలని లెక్క పెట్టుకుంది. అయిదుగురున్న ఇంటికి 275 లీటర్లు. 15 లీటర్ల బిందెతో తెస్తే పందొమ్మిది బిందెలు. ఇంట్లోకి కుళాయి రాని చోట, వచ్చినా ఎండాకాలంలో నీళ్లు సరిగా వదలని చోట, ఇందులో తెచ్చుకోగలిగినంతా చంకలోనో నెత్తి మీదో రావలసిందే. మగవాళ్లు నీళ్లకు పోతే సైకిలుకో మోటారు సైకిలుకో కట్టుకుని తెస్తారు. ఆడవాళ్లు ఒంటి మీద తెస్తారు. బిందె చంకన పెట్టుకుని నడుస్తున్నంత సేపూ వెన్ను ఒక పక్కకు ఒరిగే ఉంటుంది. ఇదంతా కూలికి పోకముందు, పోయి వచ్చిన తర్వాత చేసే పని. దీన్ని ఎవరూ పని కింద లెక్కించరు.

తర్వాత మట్టి. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మన పక్కనే అనంతపురం జిల్లా బండ్లపల్లెలో ప్రారంభించారు. మొదటి విడతలోనే కడప జిల్లా ఉంది, 2007లో కర్నూలు చేరింది. కరువు సీమలో ఈ పని ఎన్ని ఇళ్లకు గంజి పోసిందో మనకు తెలుసు. మన రాష్ట్రంలో ఈ పనికి వచ్చినవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. కుంటలు, కందకాలు, కాలువల పూడికతీత, ఇవే ఎక్కువ పనులు. మగవాళ్లు గడ్డపారతో తవ్వుతారు, ఆడవాళ్లు తట్టకు ఎత్తి గట్టు మీద పోసి వస్తారు. ఒక ఘనపు మీటరు మట్టి సుమారు ఒకటిన్నర టన్నులు, అంటే 1,500 కిలోలు. తట్టకు 15 కిలోల చొప్పున ఎత్తితే వంద తట్టలు. అంటే ఒక్క ఘనపు మీటరుకు వందసార్లు నేల దాకా వంగాలి, వందసార్లు గట్టు ఎక్కాలి.

మూడోది రాయి. దేశమంతా కడప రాయి అని పిలిచే నాపరాయి జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు, 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోకి వెళ్లిన బేతంచెర్ల, కొలిమిగుండ్ల, బనగానపల్లె వైపు గనుల నుంచి వస్తుంది. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న ఒక్క బండ సుమారు 25 కిలోలు తూగుతుంది. పొడవు మూడడుగులైతే 37 కిలోలు. బండలు ఎత్తే పనిలో, గనిలో పనికిరాని ముక్కరాయి ఏరి అవతల పోసే పనిలో ఆడవాళ్లు ఉన్నారు.

నెత్తి మీద ఏమీ లేనప్పుడు కూడా నడుము మీద బరువు ఉంటుంది. కలుపు తీసేటప్పుడు, నారు నాటేటప్పుడు, శనక్కాయ చెట్లు పెరికేటప్పుడు గంటల తరబడి వంగే ఉండాలి. తల, చేతులు, మొండెం కలిస్తే మనిషి బరువులో సగానికి పైనే. 45 కిలోల మనిషి వంగి నిలబడితే ఇరవై కిలోలకు పైగా సొంత ఒంటి బరువునే నడుము పట్టి ఆపుతూ ఉంటుంది. కోసిగి, ఆలూరు, పత్తికొండ ప్రాంతాల నుంచి సుగ్గికని గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయే ఆడవాళ్లు వారాల తరబడి ఇదే భంగిమలో పని చేస్తారు.

ఆటలో బరువు, కూలిలో బరువు

ఆడవాళ్ల నడుము పుట్టుకతోనే బలహీనమైందని, అందుకే నొప్పి అని కొందరు డాక్టర్లు కూడా అంటుంటారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఆడపిల్ల కరణం మల్లీశ్వరి ఒక ఎత్తులో 110 కిలోలు, మరో ఎత్తులో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమే. ఆడదాని నడుము బరువుకు పనికిరాదనే వాదానికి ఆమే జవాబు.

అయితే బరువులెత్తే క్రీడాకారిణులకు కూడా నడుము నొప్పి వస్తుంది. మణిపూర్‌కు చెందిన మీరాబాయి చాను 2017లో ప్రపంచ విజేత. 2018లో నడుము కింది భాగంలో నొప్పి వచ్చి ఆ ఏడు ఆసియా క్రీడల నుంచి తప్పుకుంది. వైద్యం జరిగింది. కోలుకుని మళ్లీ మెల్లగా బరువులు మొదలుపెట్టింది. 2020లో మరింత చికిత్స కోసం ప్రభుత్వ ఖర్చుతో అమెరికా వెళ్లింది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో 49 కిలోల విభాగంలో 202 కిలోలు ఎత్తి రజత పతకం తెచ్చింది. బరువెత్తే స్త్రీకి నడుము నొప్పి వస్తే ఏం చేయాలో ప్రభుత్వానికి, డాక్టర్లకు తెలుసునని ఈ ఉదాహరణ చెబుతుంది.

క్రీడాకారిణి బరువును నెలల తరబడి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతారు. ఒక ఎత్తుకూ మరో ఎత్తుకూ మధ్య నిమిషాల విశ్రాంతి ఉంటుంది. వారంలో సెలవు రోజులు ఉంటాయి. కడ్డీ ఒంటికి ఆనుకునే పైకి లేస్తుంది, పట్టుకోవడానికి అనువుగా ఉంటుంది. సరిపడా తిండి పెడతారు. ఇక చాలు, దించు అని చెప్పే మనిషి పక్కనే ఉంటారు. ఎత్తలేకపోతే కింద వదిలేయవచ్చు, ఆ రోజు పోటీ పోతుంది అంతే. గట్టు మీద తట్ట మోసే మనిషికి ఈ ఏడింటిలో ఒక్కటీ లేదు. తిండి మాటకొస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైన మనిషి తొందరగా అలసిపోతుంది, అలసిన కండరాలు వెన్నును సరిగా కాపాడలేవు.

నడుముకు ఏమవుతుంది?

పాతకాలం ఏతాం చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. బరువు ఇరుసుకు ఎంత దూరంగా ఉంటే, ఇవతల నుంచి అంత బలంగా లాగాలి. మనిషి వెన్నులో ఇరుసు నడుము కింది భాగం. బరువు ముందు వైపు ఉంటే దాన్ని ఆపే కండరాలు వెన్నెముకకు వెనక అయిదారు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. 15 కిలోల తట్టను ఒంటికి 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని లేపితే ఆ కండరాలు ఇంచుమించు పది రెట్లు, 150 కిలోల బలంతో లాగాలి. ఆ ఒత్తిడంతా వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్లల మీద పడుతుంది. తట్ట నెత్తి మీదికి చేరాక నడుము కొంత నిటారుగానే ఉంటుంది, భారం మెడ మీదికి కూడా పోతుంది. నడుముకు అసలు ప్రమాదం ఎక్కువగా ఎత్తేటప్పుడు, దించేటప్పుడు, పక్కకు తిరిగి పోసేటప్పుడు ఉంటుంది.

పని భద్రత మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఒక లెక్క తయారుచేసింది. నడుము ఎత్తులో ఉన్న బరువును, ఒంటికి దగ్గరగా, పక్కకు తిరగకుండా, మంచి పట్టుతో, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తితే 23 కిలోల వరకు చాలామందికి ప్రమాదం తక్కువ. అదే బరువు నేల మీద ఉండి, ఒంటికి 50 సెంటీమీటర్ల దూరంగా పట్టుకోవలసి వస్తే ఆ లెక్క 9 కిలోల లోపుకు దిగిపోతుంది. రోజంతా ఎత్తుతూనే ఉండాలంటే ఇంకా తగ్గుతుంది. మన 15 కిలోల తట్టను, 25 కిలోల బండను ఈ లెక్క పక్కన పెట్టి చూస్తే నొప్పి ఎందుకు వస్తున్నదో వేరే చెప్పనక్కరలేదు.

నడుము నొప్పి మన ఒక్క ప్రాంతానిదే కాదు. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది దీనితో బాధపడుతున్నారని అంచనా. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. నూటికి తొంభై మందిలో ఎముక విరగడం, గడ్డ, చీము వంటి ప్రత్యేకమైన జబ్బేదీ కనిపించదు. ఎక్స్‌రేలు, స్కానింగులు వీరికి పెద్దగా ఉపయోగపడవు. రోజుల తరబడి మంచం మీద పడుకోవడం మేలు చేయదని, కండరాలు ఇంకా బలహీనపడతాయని వైద్యులు ఇప్పుడు చెబుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుము నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. జబ్బు గురించి అర్థమయ్యేలా చెప్పడం, వ్యాయామం, అవసరాన్ని బట్టి ఫిజియోథెరపీ మంచివని, నడుము బెల్టులు, ట్రాక్షన్ వంటివి మామూలుగా వాడవద్దని అందులో ఉంది.

మన పల్లెల్లో జరిగేది దీనికి తలకిందులు. నొప్పి అనగానే ఒక సూది, నాలుగు రకాల మాత్రలు, కాస్త డబ్బున్నవాళ్లకు బెల్టు. నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎండలో నీళ్లు చాలక పనిచేసే ఒంటికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. సూది వేయించుకున్న మనిషికి నొప్పి తెలియదు కాబట్టి మరునాడు మళ్లీ అదే బరువు ఎత్తుతుంది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. "కదులుతూ ఉండు, బరువు కొంత తగ్గించు, మెల్లగా పెంచుకో" అన్నది మంచి సలహా. దాన్ని పాటించాలంటే బరువు తగ్గించుకునే వీలు ఉండాలి. కూలి మనిషి ముందు ఉన్నవి రెండే దారులు. నిండు తట్ట మోయడం, లేదంటే ఇంట్లో ఉండి కూలి పోగొట్టుకోవడం. సగం తట్ట మోసే దారి ఎవరూ ఆమెకు ఇవ్వలేదు. పైగా మట్టి పనిలో కూలి తవ్విన కొలతను బట్టి గుంపు మొత్తానికి వస్తుంది. ఒకామె నెమ్మదిస్తే అందరి కూలీ తగ్గుతుంది. అప్పుడు పక్క మనిషే "నువ్వు రాకుంటేనే మేలు" అంటుంది. మేటితోనో అధికారితోనో గొడవ పడవలసిన మాట ఆడవాళ్ల మధ్య గొడవగా మారిపోతుంది. నొప్పి ఉన్నామె నోరు మూసుకుని మోస్తుంది.

నడుము నొప్పికి గర్భసంచి

నొప్పిని కొట్టిపారేయడం వల్ల జరిగే అన్యాయం సూదులతో ఆగడం లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. రాష్ట్రాలన్నిటిలో మనదే ఎక్కువ. అందరూ నడుము నొప్పికే చేయించుకున్నారని కాదు. కానీ "నడుము నొప్పా? తెల్లబట్టా? గర్భసంచి చెడిపోయింది, తీసేస్తే పోతుంది" అన్న మాట మన పల్లెల్లో పనిచేసే ఏ కార్యకర్తకూ కొత్త కాదు. బరువు వల్ల వచ్చిన నొప్పి గర్భసంచి తీస్తే పోదు. అప్పు మిగులుతుంది. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ముట్లు ఆగిపోయి ఎముకలు గుల్లబారతాయి. ఆ ఎముకలతో మళ్లీ తట్ట మోయాలి.

అనవసరంగా గర్భసంచులు తీసేస్తున్నారన్న కేసులో సుప్రీం కోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ, కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఈ తీర్పు మన చేతిలో ఉండాలి. గర్భసంచి ఆపరేషన్ చెప్పారని ఎవరు వచ్చి అడిగినా, "నీకు ముఖ్యమైన బాధ ఏది? రోజూ ఏం మోస్తావు?" అన్న రెండు ప్రశ్నలు అడగడం, ప్రభుత్వ ఆసుపత్రిలో రెండో అభిప్రాయం తీసుకోమనడం మనం చేయగలిగిన పని. కాన్పైన కొద్ది వారాలకే బరువులెత్తడం వల్ల గర్భసంచి జారడం కూడా ఉంది. అది వేరే జబ్బు, దానికి వేరే వైద్యం ఉంది. రెంటినీ కలిపి చూడకూడదు.

చట్టం ఎక్కడ ఆగిపోయింది?

బరువు మీద హద్దు ఉండాలన్నది కొత్త మాట కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్, గాయం కలిగించేంత బరువును ఏ కార్మికుడి చేతా, కార్మికురాలి చేతా మోయించకూడదని చెప్పింది. స్త్రీలకు, పురుషులకు, పిల్లలకు హద్దులు నిర్ణయించే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో గరిష్ఠ బరువుల మీద 127వ ఒప్పందం చేసింది. ఆరోగ్యానికి ముప్పు తెచ్చే బరువు మోయించకూడదని, మోసే ముందు శిక్షణ ఇవ్వాలని, వీలైనంత వరకు యంత్ర సాధనాలు వాడాలని అందులో ఉంది. దానితో వచ్చిన సిఫారసు పురుషుడికి కూడా 55 కిలోలు మించకూడదంది. భారతదేశం ఆ ఒప్పందాన్ని 2010లో ఆమోదించింది. కేరళ 1978లోనే తలబరువు కార్మికుల కోసం ప్రత్యేక చట్టం చేసుకుంది.

ఫ్యాక్టరీల చట్టం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయింది. చెరువు గట్టు దాకా, పొలం దాకా, నీళ్ల ట్యాంకు దాకా రాలేదు. దాని స్థానంలో 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌ను 2025 నవంబరు 21 నుంచి అమలులోకి తెచ్చారు. అందులో పని స్థలం అంటే సాధారణంగా పది మంది, అంతకు పైన పనిచేసే చోటు. నలుగురైదుగురితో నడిచే పని, కలుపు పని, ఇంటి పని అందులోకి రావు. నష్టపరిహారం వర్తించే వృత్తి వ్యాధుల పట్టికలో రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ ఉంది. బరువులు మోసి మోసి వచ్చే నడుము నొప్పి లేదు. ఉపాధి పనిలో గాయపడితే ఉచిత వైద్యం అన్నారు, కానీ రక్తం కారని గాయాన్ని గాయంగా రాసేవారు లేరు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో మరో చట్టాన్ని ఆమోదించింది. 125 రోజుల పని ఇస్తామంది. రోజులు పెరిగితే మంచిదే. ఆ రోజుల్లో ఒక్కో మనిషి ఎంత మోయాలన్న ప్రశ్న అలాగే ఉంది.

సమానత్వానికి అడ్డమా?

మన సంఘాల్లోనే ఒక అనుమానం వస్తుంది. ఆడవాళ్లు మోసే బరువుకు హద్దు పెట్టమంటే, "అయితే మీరు పనికి రావద్దు" అంటారేమో, కూలి తగ్గిస్తారేమో. ఈ భయం ఊరికే వచ్చింది కాదు. స్త్రీల రక్షణ పేరుతో చేసిన నియమాలను స్త్రీలను పని నుంచి తప్పించడానికి వాడిన అనుభవం లోకంలో చాలా చోట్ల ఉంది.

అందుకే హద్దు బరువుకు పెట్టమని అడగాలి. 50 కిలోల సిమెంటు బస్తా మగవాడి నడుమునూ విరుస్తుంది. బ్రిటన్‌లో సిమెంటు బస్తా ఒకప్పుడు 50 కిలోలుండేది, దాన్ని 25 కిలోలకు తగ్గించుకున్నారు. ఇళ్లు కట్టడం అక్కడ ఆగిపోలేదు. మన దేశంలోనే 2018లో యూరియా బస్తాను 50 నుంచి 45 కిలోలకు తగ్గించారు. అది ఎరువు వాడకం తగ్గించడానికి చేసిన పని, ఎవరి నడుము కోసమూ కాదు. అయినా ఒక్క ఉత్తరువుతో బస్తా బరువు మారిపోతుందని రుజువైంది. మారదన్న మాట ఇక ఎవరూ చెప్పలేరు.

కూలి సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. తవ్వడం బరువు పని, మోయడం తేలిక పని అని పొలాల్లోనూ గనుల్లోనూ ఆడవాళ్ల కూలి తక్కువ కట్టారు. సమాన వేతన చట్టం 1976లో వచ్చినా ఈ లెక్క మారలేదు. ఘనపు మీటరుకు 1,500 కిలోలు నెత్తికెత్తుకున్న పని తేలిక పని ఎలా అయింది? మోత పనిని తూకం వేసి చూపించడం సమాన కూలి కోసం చేసే వాదానికి కూడా బలమే.

మనం చేయవలసినవి

ఒకటి. ప్రతి సంఘం తన ఊళ్లో ఒక వారం తూకం వేయాలి. రేషన్ షాపులో ఉండే కాటా చాలు. బిందె ఎంత, తట్ట ఎంత, గడ్డి మోపు ఎంత, రోజుకు ఎన్నిసార్లు అని రాసుకోవాలి. ఆ కాగితం గ్రామసభలో చదవాలి. ఎవరికి వారు అనుభవించే నొప్పి ఊరందరి లెక్కగా మారితే దాన్ని కొట్టిపారేయడం కష్టం.

రెండు. మట్టి పని కొలతల్లో తట్టకు బరువు హద్దు రాయించాలి. చిన్న తట్టలు, తోపుడు బండ్లు పని చోట ఇవ్వాలి. నడుము నొప్పి ఉన్నవాళ్లకు, గర్భిణులకు, బాలింతలకు తేలిక పని ఇచ్చినప్పుడు గుంపు కూలి తగ్గకుండా కొలత సవరించాలి. ఇది లేకపోతే మిగిలినవన్నీ మాటలే.

మూడు. బరువు దించుకునే అరుగులు కావాలి. తమిళనాడులో పాత బాటల పక్కన సుమైతాంగి రాళ్లు కనిపిస్తాయి. రెండు నిలువు రాళ్లు, వాటి మీద ఒక అడ్డ రాయి. ఎవరి సాయం లేకుండా నెత్తి బరువు దానిపైకి జార్చి, అలుపు తీరాక మళ్లీ వంగకుండానే ఎత్తుకోవచ్చు. గర్భంతో చనిపోయిన స్త్రీల జ్ఞాపకంగా వాటిని నిలబెట్టే ఆచారం అక్కడ ఉండేది. నాపరాయి పుట్టే మన సీమలో నీళ్ల ట్యాంకు దగ్గర, చెరువు గట్టు మీద, కట్టెల బాటలో మూడు బండలు నిలబెట్టడానికి పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు. బతికున్నవాళ్ల కోసమే నిలబెట్టమని అడుగుదాం. మట్టి ఎత్తే చోట కూడా తట్టను నేల మీద కాక మోకాలి ఎత్తు దిమ్మె మీద పెట్టి నింపితే వంగడం సగం తగ్గుతుంది.

నాలుగు. ఇంట్లోకి కుళాయి, అందులో రోజూ నీళ్లు. నడుముకు ఇంతకు మించిన వైద్యం మన ప్రాంతంలో లేదు. అది వచ్చేదాకా నీళ్లు మోయడం ఇంట్లో మగవాళ్ల పని కూడా కావాలి. ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్ను బిగుసుకుపోతుంది కాబట్టి బోరు నీటిని పరీక్ష చేయించమని కూడా అడగాలి.

అయిదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలకు ఒక రోజైనా ఫిజియోథెరపీ తెలిసినవారు రావాలి. ఆశాలకు, ఏఎన్ఎంలకు నడుము వ్యాయామాల్లో, ప్రమాద సూచనల్లో శిక్షణ ఇవ్వాలి. వృత్తి వ్యాధుల పట్టికలో బరువు మోత వల్ల వచ్చే వెన్ను జబ్బులను చేర్చమని అడగాలి.

ఈ లోపల ఒకరికొకరు చెప్పుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బరువును ఒంటికి ఆనించి ఎత్తాలి. కాళ్లు ఎడంగా పెట్టి మోకాళ్లు వంచాలి. బరువుతో నడుము తిప్పకుండా పాదాలతో తిరగాలి. నిండు బిందె ఒకసారి కంటే సగం బిందె రెండుసార్లు మేలు. చంక మార్చుకుంటూ ఉండాలి. నెత్తికి ఎత్తేటప్పుడు, దించేటప్పుడు ఇంకొకరు చేయి వేయాలి. గంటసేపు వంగి పని చేస్తే లేచి నడుము మీద చేతులు పెట్టి నాలుగైదుసార్లు వెనక్కి వాలాలి. నొప్పి పట్టుకున్నప్పుడు ఒకటి రెండు రోజులు బరువులు మానినా నడక మానకూడదు. కాళ్ల మధ్య భాగం మొద్దుబారడం, మూత్రం, విరేచనం పట్టు తప్పడం, కాలు లాగేసినట్టు బలం పోవడం జరిగితే అదే రోజు కర్నూలు పెద్దాసుపత్రికో, కడప రిమ్స్‌కో పోవాలి. నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, పడిపోయిన తర్వాత వచ్చిన నొప్పి ఉంటే కూడా ఆలస్యం చేయకూడదు. వెన్ను క్షయ ఇంకా మన మధ్య ఉంది.

ఈ సలహాలు అవసరమే. కానీ సలహా చెప్పి మన పని అయిపోయిందనుకుంటే తప్పు మళ్లీ మోసే మనిషి మీదికే పోతుంది, సరిగా వంగలేదు కాబట్టి నొప్పి వచ్చిందని అంటారు. సరిగా వంగడానికి సమయం కావాలి, సగం తట్ట మోయడానికి కూలి భరోసా కావాలి, అలసిపోయాను అని చెప్పి బరువు దించడానికి భయం లేకుండా ఉండాలి. ఈ మూడూ ఎవరూ ఇంట్లో నేర్చుకుని తెచ్చుకునేవి కావు, అడిగి సాధించుకునేవి. వచ్చే గ్రామసభకు కోర్కెల కాగితం రాసేటప్పుడు రోడ్డుతో పాటు, పింఛన్లతో పాటు తట్ట బరువు కూడా అందులో ఒక వరుసగా రాద్దాం.